పసుపు పట్టీ

బస్సు వీధి మొగలో ఆగింది. రోజూ పిల్లలు తోసుకుంటూ దిగేటప్పటి గోల ఆ సాయంత్రం లేదు. డ్రైవరు దిగి, వెనక తలుపు తెరిచి, లోపలికెళ్ళి, వసపిట్టని రెండు చేతుల మీదా ఎత్తుకుని దిగాడు. పిల్ల తల అతని మోచేతి మీంచి వెనక్కి వాలిపోయింది. బడివాళ్ళిచ్చిన నీలం పైకోటు ఒంటి మీదే ఉంది. కోటు చేతికి పసుపు పట్టీ ఉంది.

లాండ్రీలో పని దిగి వస్తున్న ఆడవాళ్ళందరూ ఆగిపోయారు. ఇస్త్రీ అక్క కూడా ఆగింది. ఎవరి పిల్లో పాపం అనుకుంది. చెప్పు ఒకటి జారిపోయిన ఆ పాదం చూశాక గానీ తన కూతురని తెలియలేదు.

"ఆస్పత్రికే తిప్పానక్కా. సగం దారిలోనే..." అన్నాడు డ్రైవరు.

అయినా ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు చూసి, పేగు మెలిపడిందన్నాడు. మధ్యాహ్నం తెచ్చినా బతికేదన్నాడు. ఇంత నొప్పి పొద్దుట్నుంచీ ఓర్చుకుని ఎవరికీ చెప్పకుండా ఎలా ఉందమ్మా అని అడిగాడు.

ఆ ప్రశ్న అక్కని పట్టుకుంది. దాని పేరేమిటో బడి రికార్డులకి తెలుసు గానీ, వీధిలో అందరూ వసపిట్ట అనే పిలిచేవాళ్ళు. చీమ కుడితే వీధి వీధంతా చెప్పి వచ్చే పిల్ల. నిద్రలో కూడా వాగేది. తండ్రి ఎటో పోయి ఇల్లు బోసిపోయినప్పుడు (అతని గురించి రాయడం సిరా దండగ) ఆ ఇంటిని నింపింది దాని నోరే. అలాంటి పిల్ల కడుపు నొప్పిని కడుపులో దాచుకుందట!

బడిలో సంతాప సభ పెట్టారు. హెడ్మాస్టరు గొంతు తగ్గించి మాట్లాడాడు. పిల్ల తన బాధ ఎవరికీ చెప్పలేదన్నాడు. జబ్బు చేసిన పిల్లని తల్లులు బడికి పంపకుండా ఉంటే ఇలాంటివి జరగవన్నాడు. అందరూ లేచి కాసేపు మౌనంగా నిలబడి కూర్చున్నారు. హెడ్మాస్టరు అన్న మాట కింద పల్లంలోకి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. కూతుర్ని చంపుకున్న తల్లి అన్నమాట తను!

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. ఆ ఊళ్ళో మెరక వేరు, పల్లం వేరు. మెరక మీద తోటలున్న ఇళ్ళు, కోర్టు, పెద్ద బడి. పల్లంలో కాలవ, కాలవ ఒడ్డున ఆవిరి లాండ్రీ, దాని చుట్టూ లాండ్రీవాళ్ళ ఇళ్ళు. మెరకలో ఒంటికి తగిలే ప్రతి గుడ్డా పల్లంలోనే తెల్లబడాలి. హోటలు దుప్పట్లు, ఆస్పత్రి పక్కలు, పోలీసుల యూనిఫారాలు, పెద్ద బడి పైకోట్లు, అన్నీ.

పల్లానికీ ఒక బడి ఉండేది. కప్పు కారేది. బల్లలు ఊగేవి. కానీ దాని గంట లాండ్రీ దాకా వినిపించేది. ఆ గంట విని ఇస్త్రీ బల్లల దగ్గర తల్లులు పొద్దు తెలుసుకునేవాళ్ళు. పిల్లకి ఒళ్ళు వెచ్చబడితే ఎవరో ఒకరు పరిగెత్తి వెళ్ళి చంకనేసుకొచ్చేవాళ్ళు. అంతా కూతవేటు దూరం.

అప్పుడు ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. మెరక పిల్లలూ పల్లం పిల్లలూ కలిసి చదవాలంది. పల్లంవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టరు? మన పిల్లలు వాళ్ళ పక్కన కూర్చుని అదే పాఠం వింటారంటే ఎవరికి చేదు? కానీ కలపాలంటే ఎవరో ఒకరు కదలాలి కదా. మెరక తల్లిదండ్రులు గొడుగులేసుకుని ఊరేగింపు తీశారు. మా పసివాళ్ళని బస్సుల్లో తిప్పుతారా, మాకు ఇంటి పక్క బడే కావాలి అన్నారు. వాళ్ళ మాట ప్రభుత్వం చెవిన పడింది. వాళ్ళ పిల్లలు కదలనక్కర్లేదంది. పల్లం బడికి తాళం వేసి, పల్లం పిల్లల్ని బస్సెక్కించింది. కలిపేశామని చెప్పుకుంది. తాళం వేసిన బడిని లాండ్రీ యజమాని తీసుకుని సబ్బు పీపాలు పెట్టుకున్నాడు. ఆయన పెద్ద బడి కమిటీలో మెంబరు కూడా.

పైన ఏం కలిసిందయ్యా అంటే, బస్సు పిల్లలకి వెనక వరస. బస్సు పిల్లల కోటు చేతికి పసుపు పట్టీ. బస్సు తప్పిపోకుండా ఉండటానికట. మధ్యాహ్నం గంట కొడితే మెరక పిల్లలు ఇళ్ళకెళ్ళి తిని వచ్చేవాళ్ళు. పట్టీ ఉన్నవాళ్ళు బస్సెక్కడానికి తప్ప గేటు దాటకూడదు. కోటు విప్పేసి జారుకుంటారేమోనని ఇంకో రూలు కూడా పెట్టారు: మధ్యాహ్నం పూట కోటు లేనివాళ్ళు అసలే దాటకూడదు. ఆ పట్టీలు కుట్టింది పల్లం ఆడవాళ్ళే. లాండ్రీకి వచ్చిన పని, కుట్టారు.

పిల్ల పోయాక ఒక రోజు ఇస్త్రీ అక్క మళ్ళీ పనిలోకి వచ్చింది. ఆ మధ్యాహ్నం పెద్ద బడి గేటు కాపలావాడు లాండ్రీకొచ్చాడు. అతనిదీ పల్లమే. అందరికీ బాబాయి. వచ్చి ఇస్త్రీ బల్ల ముందు టోపీ తీసి నిలబడ్డాడు.

"అమ్మా, నీతో ఒక మాట చెప్పాలి. చెప్పకుండా నాకు ముద్ద దిగడం లేదు."

"చెప్పు బాబాయ్."

"మధ్యాహ్నం గంట కొట్టగానే కోటు విప్పి చంకలో పెట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. 'తాతా, కడుపులో మెలిపెడుతోంది, అమ్మ దగ్గరికి పోతా, నేను నడిచిపోగలను' అంది. నేను తాళం తియ్యబోయాను. హెడ్మాస్టరు నా వెనకే ఉన్నాడు. ఆయన కాళ్ళు పట్టుకుంది తల్లీ. 'బస్సు వచ్చేదాకా బల్ల మీద పడుకో' అన్నాడు. మళ్ళీ కోటు తొడిగించమన్నాడు. ఆఫీసు బయట బల్ల మీద పడుకోబెట్టమన్నాడు. నేనే తొడిగాను. నేనే పడుకోబెట్టాను."

హాల్లో ఒక్కో ఇస్త్రీపెట్టే ఆగిపోయింది. అక్క చేతిలో పెట్టె మాత్రం బల్ల మీదున్న చొక్కా మీదే ఉండిపోయింది. కాలిన వాసన వచ్చింది. పొగ లేచింది. ఆమె కదల్లేదు. బాయిలరు దగ్గర పనిచేసే ఆమె అన్న పరిగెత్తుకొచ్చి ఆమె చేతిని పైకి లాగాడు.

"కొట్టమ్మా నన్ను," అన్నాడు బాబాయి.

"నిన్ను కొడితే నాకేం వస్తుంది?" అంది అక్క. "పిల్ల చెప్పింది. విన్నారా అందరూ? నా పిల్ల చెప్పింది! కాళ్ళు పట్టుకుని చెప్పింది! వాడు విన్నాడు. విని, చెప్పలేదన్నాడు."

అప్పుడు ఏడ్చింది. పిల్ల పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. ఏడుపు ఆగాక ఆమె మొహం చూసినవాళ్ళకి భయం వేసింది.

పని ఆగిపోయింది. మేస్త్రీ గుడ్లురిమాడు గానీ ఎవరూ అతని వైపు చూడలేదు. ఉతుకు తొట్ల దగ్గర నుంచీ, ఆరబెట్టే గదుల నుంచీ, బాయిలరు దగ్గర నుంచీ జనం ఇస్త్రీ హాల్లోకి వచ్చేశారు. కబురు తెలిసి బస్సు డ్రైవరొచ్చాడు. ఉతుకు పెద్దమ్మ మనవరాలు, అందరూ కాలేజీ పిల్ల అని పిలిచే అమ్మాయి, పుస్తకాల సంచీతో సహా వచ్చింది.

"తగలబెట్టాలి," అంది అక్క. "ఆ బడిని, ఆ బల్లని, వాడిని కూడా."

"పదండి," అన్నారు ఆరబెట్టే గదుల మొగవాళ్ళు.

"తగలబెడితే జైలుకి మీరు పోతారు, కొత్త బడి వాళ్ళకి కడతారు," అంది కాలేజీ పిల్ల. "మన పిల్లలు ఇటూ కాక అటూ కాక వీధిలో తిరుగుతారు."

ఉతుకు పెద్దమ్మకి ఒళ్ళు మండింది. "అసలు ఆ కలపడమే మన కొంప ముంచింది. నాకేం కలపనక్కర్లేదు. మా బడి మాకు తెరవమనండి. గంట నా చెవిన పడుతూ ఉంటే చాలు. పిల్ల నా కళ్ళ ముందుంటే చాలు."

"ఆ బడిలో చదివింది నేనే కదా నానమ్మా. వాన పడితే పుస్తకాలు నెత్తిన పెట్టుకున్నాం. సైన్సు గది లేదు, లెక్కల మాస్టరు లేడు. మనది మనకి అని ఊరుకుంటే వాళ్ళు చంకలు గుద్దుకుంటారు. వాళ్ళక్కావలసిందీ అదే. మనం ఆ కారే కప్పు కిందే పడుండాలి, వాళ్ళు పైన ఉండాలి."

"అయితే బస్సెక్కించి చంపుకోమంటావా?"

"అనలేదు నానమ్మా!"

"మరేమంటావు?"

ఇద్దరి మాటా నిజమే. హాలంతా రెండుగా చీలి అరుచుకుంది. దగ్గర బడి కావాలని సగం, మంచి బడి కావాలని సగం. ఒకరి మొహం మీద ఒకరు చేతులు తిప్పుకున్నారు. డ్రైవరు ఒక బట్టల బుట్ట మీదెక్కి నిలబడ్డాడు.

"నన్నొక మాట అననివ్వండి. నాకు చదువు లేదు, ఉన్నది బస్సొక్కటే. రోజూ పొద్దున పైనుంచి బస్సు ఖాళీగా దిగుతుంది. సాయంత్రం ఖాళీగా ఎక్కుతుంది. ఆ సీట్లలో వాళ్ళ పిల్లలెందుకు కూర్చోరు?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత బాయిలరు అన్న పెద్దగా నవ్వాడు. "ఒరే, అంతే కదరా! మన పిల్లలు కొందరు పైకెళ్తారు, వాళ్ళ పిల్లలు కొందరు కిందికొస్తారు. వాళ్ళ పిల్ల ఒక్కతి మన బడిలో కూర్చుంటే కప్పు ఎన్నాళ్ళు కారుతుంది? మర్నాడే రేకులొస్తాయి."

"సైన్సు గదీ వస్తుంది," అంది కాలేజీ పిల్ల.

ఆ రోజే తేల్చుకున్నారు. పల్లం బడి తెరవాలి. బస్సు రెండు వైపులా నిండుగా నడవాలి. పట్టీ పోవాలి. వసపిట్ట చెప్పిందని, తను విన్నానని హెడ్మాస్టరు పదిమందిలో ఒప్పుకోవాలి. ఈ చివరిది అక్క అడిగింది. మిగతావి లేకపోయినా నాకిది కావాలంది.

బాయిలరు అన్న, పెద్దమ్మ, అక్క కలిసి కమిటీ దగ్గరికెళ్ళారు. మెత్తటి కుర్చీలున్న గదిలో వీళ్ళని నిలబెట్టే మాట్లాడారు. కాపలావాడి మాటకి సాక్ష్యం లేదన్నాడు హెడ్మాస్టరు. అతన్ని తీసేస్తే ఆ మాట ఒప్పుకున్నట్టవుతుందని గేటు దగ్గరే ఉంచాడు. పీపాలు తియ్యడం కుదరదన్నాడు యజమాని. కమిటీలో నల్లకళ్ళద్దాలావిడ ఒకామె ఉంది. ఆమె చాలా మర్యాదగా, అర్థం చేసుకోండి అన్నట్టు చెప్పింది. "మీ బాధ మాకు తెలుసు. కానీ పసిపిల్లని ఇంటికి అంత దూరం పంపడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది చెప్పండి?"

ఆ మాట ఆమె అన్నది బిడ్డని పోగొట్టుకున్న తల్లితో. అన్నాక కూడా తనేమన్నదో ఆమెకి తట్టలేదు.

అక్క మెట్లు దిగుతూ అన్నతో అంది, "వాళ్ళకి చెప్తే తెలీదన్నయ్యా. తగిలితేనే తెలుస్తుంది."

పెద్ద బడి పైకోట్లకి ఒక పద్ధతుంది. వారం చివర పిల్లలు కోట్లు బడిలోనే విప్పి వెళ్తారు. లాండ్రీ బండి వాటిని కిందికి తెస్తుంది. ఉతికి, ఇస్త్రీ చేసి, సోమవారం పిల్లలు రాకముందే లాండ్రీ ఆడవాళ్ళు పైకెళ్ళి ఎవరి కొక్కేనికి వాళ్ళ కోటు తగిలించి వస్తారు. పిల్లలు వచ్చి తొడుక్కుంటారు. కోటు లేకుండా క్లాసులోకి రానివ్వరు.

ఆ ఆదివారం అక్క ఒక చిన్న కోటు ఇస్త్రీ చేసి మడత పెట్టలేదు. పసుపు రిబ్బను చుట్టలోంచి ముక్క కత్తిరించి, దాని చేతికి కుట్టడం మొదలుపెట్టింది.

"పొరపాటు పడ్డావక్కా, అది నల్లకళ్ళద్దాలావిడ కూతురిది," అంది పక్కనున్నామె.

"తెలుసు."

పక్కనున్నామె కాసేపు చూసింది. తర్వాత తన సూదిలో పసుపు దారం ఎక్కించుకుంది. మాట బల్ల నుంచి బల్లకి పాకింది. చూపు ఆనని పెద్దమ్మ దారం ఎక్కించమని మనవరాల్నే అడిగింది. సాయంత్రానికి ఆ బడి కోట్లలో పట్టీ లేనిది మిగల్లేదు. యజమాని కొడుకు కోటు మీద కుట్టు మరీ గట్టిగా పడింది. అది ఎవరి చెయ్యో ఎవరూ అడగలేదు.

సోమవారం బస్సు పైకెళ్ళలేదు. పల్లం పిల్లలు తల్లుల వెంటే ఉన్నారు. మెరక పిల్లలు వచ్చి, కోట్లు తొడుక్కుని, ఒకరి చేతులొకరు చూసుకుని నవ్వుకున్నారు. టీచర్లు కంగారుపడ్డారు. హెడ్మాస్టరు లాండ్రీకి ఫోను చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. ఈ ఒక్క రోజుకి అలాగే వేసుకోండి, కోటు లేకుండా కూర్చోవడం క్రమశిక్షణ కాదు అన్నాడు. తన రూలు మీద ఆయనకి అంత ప్రేమ.

మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. బయట తల్లులూ ఆయాలూ ఎదురుచూస్తున్నారు. గేటు తెరుచుకోలేదు.

"ఏమయ్యా, తాళం తియ్యి!"

"పట్టీ ఉన్నవాళ్ళు బస్సెక్కడానికి తప్ప దాటకూడదమ్మా," అన్నాడు బాబాయి. "రూలు."

"అది మా పిల్లలకి కాదు!"

"రూల్లో అలా రాసి లేదమ్మా."

ఒకావిడ కూతుర్ని కోటు విప్పెయ్యమంది. బాబాయి తల అడ్డంగా ఊపాడు. "కోటు లేకపోతే అసలే పంపకూడదమ్మా. ఆ రూలు కూడా ఉంది." అని గేటు పక్క చిన్న తలుపులోంచి బయటికొచ్చి, దానికీ తాళం పెట్టి, తాళాలు అక్క చేతిలో పెట్టాడు. అప్పుడు చూశారు మెరకవాళ్ళు. వీధి పొడుగునా లాండ్రీ జనం. తొట్లవాళ్ళూ బాయిలరువాళ్ళూ ఇస్త్రీవాళ్ళూ, ఒక్కరూ తగ్గలేదు. గేటుకీ తల్లులకీ మధ్య వచ్చి నిలబడ్డారు.

లోపల పిల్లలకి ఆకలి మొదలైంది. కాసేపటికి నల్లకళ్ళద్దాలావిడ కూతురు ఊచలు పట్టుకుని ఏడుపందుకుంది. అమ్మా, ఇంటికి పోదాం అంది. ఆవిడ కళ్ళద్దాలు తీసేసి కాళ్ళావేళ్ళా పడింది.

"మా ఇల్లు అదిగో, ఆ మలుపే! పిల్ల ఏడుస్తోంది, కనబడటం లేదా నీకు?"

"కనబడుతోంది," అంది అక్క. "నా పిల్ల ఏడుపు నాకు కనబడలేదు. నీ అదృష్టం బాగుంది, నువ్వు చూస్తున్నావు."

ఇలాంటి చోట తల్లి మనసు కరిగిందని రాస్తే బాగుంటుంది. కరగలేదు. ఆ ఆడమనిషి మొహం మాడిపోవడం చూస్తుంటే అక్కకి ప్రాణం లేచొచ్చినట్టయింది. పిల్ల పోయాక మొదటిసారి ఊపిరి లోపలిదాకా ఆడింది. అందులో ఆమె సిగ్గుపడాల్సిందేమీ లేదు.

హెడ్మాస్టరు లోపల్నుంచి గేటు దగ్గరికొచ్చాడు. పోలీసులకి ఫోను చేశానన్నాడు. జైల్లో పెట్టిస్తానన్నాడు. అక్క తాళాలు ఎత్తి చూపించింది.

"పెట్టిద్దువుగాని. ముందు చెప్పు. నా పిల్ల ఈ గేటు దగ్గర నీతో ఏమంది?"

"ఇదేమిటి బ్లాక్‌మెయిలు!"

"ఏమంది?"

మెరక తల్లులు ఊచల్లోంచి ఆయన్నే చూస్తున్నారు. మొదట అరిచింది నల్లకళ్ళద్దాలావిడే. "చెప్పండి! ఏమందో చెప్పి చావండి, నా పిల్లని బయటికి రానివ్వండి!"

"కడుపు నొప్పి అంది," అన్నాడు హెడ్మాస్టరు.

"గట్టిగా. వెనక పెద్దమ్మకి వినబడలేదు."

"కడుపు నొప్పి అంది! అమ్మ దగ్గరికి పోతానంది!"

"నువ్వేమన్నావు?"

"బస్సు వచ్చేదాకా... బల్ల మీద పడుకోమన్నాను."

మెరక తల్లుల్లో ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్క ఆయన మొహంలోకి చూసి, తాళం తీసింది.

"ఒక్కో పట్టీ నీ చేత్తో పీకి పంపు," అంది. "పట్టీతో ఎవరూ దాటకూడదు కదా."

ఆయన పీకాడు. గట్టి కుట్టు. గోళ్ళు విరిగాయి. పిల్ల తర్వాత పిల్ల, వంగి వంగి పీకాడు. పట్టీలు ఆయన బూట్ల చుట్టూ పడ్డాయి. పల్లం పిల్లలు తల్లుల పక్కన నిలబడి ఆ వేడుక కళ్ళారా చూశారు. తర్వాత, పైకి పంపకుండా లాండ్రీ నుంచి తెచ్చుకున్న తమ కోట్ల మీద పట్టీలు వాళ్ళే పీకేసుకున్నారు.

యజమాని కొడుకు కోటు దగ్గరికి వచ్చేసరికి పోలీసు వ్యాను వచ్చింది. బాబాయి ముందుకొచ్చి తాళం వేసింది నేనన్నాడు. తాళాలు నా చేతిలో ఉన్నాయంది అక్క. ఇద్దర్నీ ఎక్కించారు. జనం వ్యాను మీద పడబోతే అక్క లోపల్నుంచి అరిచింది. "నా వెంట రావద్దు! బడికి పొండి! మన బడికి!"

స్టేషను పల్లం మొదట్లోనే ఉంది. ఇన్స్‌పెక్టరు బాబాయిని పక్క గదిలోకీ అక్కని ఊచల గదిలోకీ తోయించి, కుర్చీలో కూలబడ్డాడు.

"ఏం సాధించావు? పిల్ల తిరిగొచ్చిందా?"

"రాలేదు," అంది అక్క. "కానీ అది అబద్ధం ఆడలేదని, నేను చంపుకోలేదని ఊరంతటికీ తెలిసింది. వాడి నోటితోనే తెలిసింది."

ఇన్స్‌పెక్టరు కిటికీ వైపు తల తిప్పాడు. కిటికీలోంచి ఏదో చప్పుడు. ఇనుము మీద ఇనుము పడుతున్న దెబ్బలు. తర్వాత పీపాలు రోడ్డు మీద దొర్లుతున్న మోత. కేకలు. బాయిలరు అన్న గొంతు అందరి గొంతుల మీదా వినిపించింది. ఆ తర్వాత, తుప్పు పట్టి మొదట కాస్త బొంగురుగా, గంట.

అక్క లేచి నిలబడింది. ఆ గంట విని వసపిట్ట ఒక చెప్పు ఇంట్లో వదిలి, ఒక చెప్పు కాలికి పెట్టుకుని పరిగెత్తేది.

"ఏమిటా గంట?" అన్నాడు ఇన్స్‌పెక్టరు.

"మా బడి. తెరిచారు."

"పోండి! వెళ్ళి ఆపించండి దాన్ని!" అని కానిస్టేబుళ్ళ మీద అరిచాడు. వాళ్ళు లాఠీలు తీసుకుని వరసగా బయల్దేరారు. మడత నలగని ఖాకీ చొక్కాలు. ఆ మడతలు అక్క చేతివే.

"ఆ చొక్కాలు జాగ్రత్త నాయనా," అంది ఊచల వెనకనుంచి. "ఇవే ఆఖరివి. బడి మాదయ్యేదాకా, పైనుంచి మెరక పిల్లల్తో బస్సు నిండుగా దిగేదాకా, ఈ ఊళ్ళో ఒక్క గుడ్డ ఉతికేవాళ్ళు లేరు."

వాళ్ళు వెళ్ళారు. కేకలు పెరిగాయి. గంట ఒకసారి ఆగింది. అక్క ఊచలు పట్టుకుని చెవి ఒగ్గింది. మళ్ళీ మోగింది. ఈసారి కొట్టేది వేరే చెయ్యి. ఇంకా గట్టిగా కొడుతోంది.